ఇంటి బ్యాటరీ, బండి బ్యాటరీ

పాత మోటార్ హోమ్ అమ్మజూపేవాళ్ళు ముందు మంచం చూపిస్తారు. తర్వాత పొయ్యి, ఫ్రిజ్జు, షవరు. సోఫా లాగితే ఇంకో మంచమవుతుందని లాగి మరీ చూపిస్తారు. గుమ్మంలో మెట్టు కింద ఓ నల్ల ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ తెరిచి చూపించరు. కొనేవాళ్ళూ అడగరు. మేమూ అడగలేదు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతమెంతో అడుగుతాం గానీ అప్పులెన్నో అడగం కదా!

ఫీనిక్స్‌లో ఉంటున్న మేము ఆరేళ్ళ కిందట 2004 నాటి బండి ఒకటి కొన్నాం. ముందు భాగం వ్యాను, వెనక భాగం ఇల్లు. వ్యాను నెత్తిమీద పావురాల గూడులా ఇంకో మంచం. ఇక్కడి తెలుగువాళ్ళం దీన్ని ఆర్వీ అంటాం. మా ఆవిడ కొన్నరోజున "రథం" అంది. మొదటి ప్రయాణం చేసొచ్చాక "తేరు" అంది. పదిమంది చెయ్యి వేస్తేగానీ కదలదని ఆవిడ ఉద్దేశం.

ఆ మొదటి ప్రయాణం క్వార్ట్జ్‌సైట్‌కి. ఫీనిక్స్ నుంచి పడమరగా ఐ-10 రోడ్డు పట్టుకుని రెండు గంటలు పోతే వచ్చే ఎడారి ఊరు. ఊరి చుట్టూ కేంద్ర ప్రభుత్వపు ఖాళీ భూములు. చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా పైసా కట్టకుండా బండి నిలుపుకోవచ్చు. కుళాయి లేదు, కరెంటు స్తంభం లేదు. రాళ్ళు, జెముళ్ళు, ఆకాశం. జనవరిలో వెళ్తే అక్కడ కనుచూపుమేరా బండ్లే, మన వైపు జాతరకు కట్టుకొచ్చిన గూడుబళ్ళు దిగినట్టు.

పగలు ఒంటి చొక్కా చాలే ఎండ. పొద్దు వాలగానే పళ్ళు టకటకలాడే చలి. హీటరు వేశాం. గ్యాసు హీటరే కదా, కరెంటుతో దానికేం పని అనుకున్నాను. గ్యాసు మంట పుట్టిస్తుంది, అంతవరకే. ఆ వేడిని గదిలోకి ఊదేది ఫ్యాను. అది తిరిగినంతసేపూ 7 ఆంపియర్లు తాగుతుంది. తెల్లవారుజామున మూడింటికి ఊదడం మానేసింది. లైటు వేస్తే నిద్రమత్తు కన్నులా ఎర్రగా మినుకుమంది. పోనీ ఇంజిను స్టార్ట్ చేసుకుని వెచ్చబడదామని తాళం తిప్పితే 'టక్' మంది. మళ్ళీ తిప్పాను. ఆ మాత్రం కూడా అనలేదు.

ఆ 'టక్' నాకు కొత్త కాదు.

1987లో, దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చే రోజుల్లో, తెనాలి దగ్గర మా ఊళ్ళో కరెంటు ముహూర్తం పెట్టినట్టు ఆ వేళకే పోయేది. మా పెదనాన్నకు ట్రాక్టరుండేది. దాని బ్యాటరీ విప్పి, అరుగు మీదికి మోసుకొచ్చి, రెండు క్లిప్పులు తగిలించి, 12 వోల్టుల నలుపు తెలుపు టీవీ పెట్టేవాళ్ళం. వీధి వీధంతా మా వాకిట్లోనే. ఓ ఆదివారం పొద్దుటి సీరియల్‌తో ఆగితే బాగుండేది, సాయంత్రం హిందీ సినిమా కూడా చూశాం. మర్నాడు దమ్ముకు పోవాల్సిన ట్రాక్టరు సెల్ఫ్ ఎత్తలేదు. 'టక్' మని ఊరుకుంది. దొరికినవాళ్ళనల్లా పిలిచి, తోసుకుంటూ తీసుకెళ్ళి, చెరువుకట్ట వాలులో వదిలి గేరు వేస్తే గాని లేవలేదు. పెదనాన్న తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "రాముడు బాగానే గెలిచాడు గానీ మన బండే ఓడిందిరా అబ్బాయ్" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు గడిచాయి, సముద్రాలు దాటాం, చదువులు చదివాం. తప్పు మాత్రం అదే చేశాం.

తెల్లారాక పక్క బండిలోంచి ఓ పెద్దాయన కాఫీ కప్పుతో దిగి వచ్చాడు. మంచు కురిసే ఉత్తరాది నుంచి ఏటా చలికాలానికి ఇక్కడ వాలిపోయే రకం. ఇలాంటివాళ్ళను ఇక్కడ మంచుపిట్టలు అంటారు. మల్టీమీటరు తెచ్చి మెట్టు కింది పెట్టె తెరిచి లోపలి బ్యాటరీ వోల్టులు కొలిచాడు. 11.4. ముందుకెళ్ళి బానెట్ ఎత్తి ఇంజిను బ్యాటరీ కొలిచాడు. 11.4. ఇంకోసారి రెండూ కొలిచి నవ్వాడు. రెండూ డౌన్ అయినందుకు కాదు, రెండూ ఒక్క అంకె దగ్గరే ఆగినందుకు. విడివిడిగా ఉండాల్సినవి ఇలా కవలపిల్లల్లా ఒకే లెక్క చెబుతున్నాయంటే మధ్యలో ఎక్కడో కలిసిపోయి ఉన్నాయట. రోగం బ్యాటరీల్లో కాదు, వాటి మధ్య బంధుత్వంలో ఉంది.

మోటార్ హోమ్‌లో రెండు బ్యాటరీలుంటాయని వినడమే గానీ, ఎందుకుంటాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒకటి చాలకపోతే రెండోది అనుకున్నాను, రేషన్ బియ్యంలా. అది కాదు సంగతి. రెండింటి పుట్టుకే వేరు.

బానెట్ కింద ఉండేది బండలాగుడు పందెం గిత్త. రెండు మూడు సెకన్లు రెండొందల ఆంపియర్ల చొప్పున లాగి ఇంజిన్ని తిప్పుతుంది. అంతటితో దాని పని సరి. వినడానికి రెండొందలు గానీ లెక్క వేస్తే ఖర్చయ్యేది ఒక్క ఆంపియర్-అవర్‌లో ఆరో వంతు. ఇంజిను లేచిందంటే డైనమో ఆ అప్పు నిమిషాల్లో తీర్చేస్తుంది. ఆ విసురు కోసం దాని లోపల సీసపు పలకలు పల్చగా, ఎక్కువ సంఖ్యలో పేర్చి ఉంటాయి. మెట్టు కింద ఉండాల్సింది గానుగెద్దు. లైట్లు, నీళ్ళ మోటారు, హీటరు ఫ్యాను, వీటన్నిటికీ కొంచెం కొంచెంగా రాత్రి పొడుగునా ఇస్తూ పోవాలి. దాని పలకలు మందంగా ఉంటాయి. గిత్తను తెచ్చి గానుగకు కడితే నాలుగు రోజుల్లో చతికిలబడుతుంది. పల్చటి పలకలు పదే పదే అడుగంటా ఖాళీ కావడాన్ని తట్టుకోలేవు.

1857 తిరుగుబాటు అయిన రెండేళ్ళకు ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన రెండు సీసపు రేకుల్ని మధ్యలో అడ్డం పెట్టి చాపలా చుట్టి గంధకామ్లంలో ముంచాడు. మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకోగల మొదటి బ్యాటరీ అదే. కారుకు సెల్ఫ్ స్టార్టరు రావడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసినది 1912 నాటి క్యాడిలాక్ కార్లలో వచ్చింది. అప్పటిదాకా ముందు నిలబడి కడ్డీ తిప్పడమే. అంటే ఈ సీసపు పెట్టె పుట్టింది నింపాదిగా ఇవ్వడానికి, కారెక్కాకే అరక్షణపు వీరుడయింది. ఇది నా ఊహే అనుకోండి, కానీ మెట్టు కింది బ్యాటరీని చూసినప్పుడల్లా అదే అసలు పెద్ద కొడుకని నాకనిపిస్తుంది.

మా బండి పాత యజమాని అక్కడ పెట్టింది అటూ ఇటూ కాని రకం, 75 ఆంపియర్-అవర్లది. సీసపు బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు. సగమంటే 37. రాత్రి పది గంటల్లో హీటరు ఫ్యాను సగంసేపు తిరిగినా 35 అక్కడే అయిపోయాయి. అదీ కొత్త బ్యాటరీ అయితే. మాది ఫీనిక్స్ ఎండలకు వాడిపోయిన పాతది. తన దగ్గరున్నది చాలక, మధ్య తలుపు తెరిచి ఉంది కాబట్టి, పందెం గిత్తను కూడా గానుగలోకి లాక్కొచ్చింది.

ఆ తలుపు పేరు ఐసొలేటర్. మా బండిలో అది పిడికిలంత సోలినాయిడ్. తాళం తిప్పితే లోపలి చుట్టలోకి కరెంటు వెళ్ళి, అది అయస్కాంతమై, ఓ రాగి బిళ్ళను లాగి రెండు బ్యాటరీలను కలుపుతుంది. తాళం తీస్తే స్ప్రింగు వెనక్కి నెట్టి విడదీస్తుంది. నడిచినంతసేపూ సంపాదించేది డైనమో ఒక్కటే, 14.2 వోల్టులతో. ఆ సంపాదన ఉన్నంతసేపూ ఉమ్మడి కాపురం, ఇద్దరికీ అన్నం. బండి ఆగిందా, వేరు కుంపట్లు. ఎవరి కుండలో ఉన్నది వాళ్ళది. మా సోలినాయిడ్‌లో ఆ రాగి బిళ్ళ ఎప్పుడో నిప్పురవ్వలకు కరిగి అంటుకుపోయింది. తాళం జేబులో వేసుకున్నా కాపురం ఉమ్మడే. మా తాతల నాడు అన్నదమ్ములు వేరుపడితే ఊళ్ళో చెవులు కొరుక్కునేవాళ్ళు. ఇక్కడ వేరుపడలేదని పక్కబండి పెద్దమనిషి చెవిలో చెప్పాడు.

ఆ సోలినాయిడ్ స్థానంలో వోల్టేజీ చూసి నడుచుకునే రిలే పెట్టాను. దానికి తాళంతో పని లేదు. 13.3 దాటితే కలుపుతుంది, 12.8కి దిగితే విడదీస్తుంది. ఆ అంకెలెందుకో తెలిశాక ఆ పరికరం మీద గౌరవం కలిగింది. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ కూడా తనంతట తానుగా ఊరికే ఉన్నప్పుడు 12.7 దాటి చూపించదు. 13.3 ఉందంటే ఎవరో ఒకరు బయటి నుంచి పోస్తున్నట్టే లెక్క, డైనమో కావచ్చు, సోలార్ పలక కావచ్చు. ఎవరు తెచ్చారన్నది అడగదు. ఇంట్లోకి వస్తోందా పోతోందా, అదొక్కటే చూస్తుంది. మా నాయనమ్మ చిల్లర డబ్బా ఇలాగే నడిచేది.

ఇలాంటి బండ్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు మీద ఓ బటను కూడా ఉంటుంది. ఇంజిను బ్యాటరీ డౌన్ అయితే అది నొక్కిపట్టి తాళం తిప్పాలి. ఇంటి బ్యాటరీ చెయ్యందిస్తుంది. వేలు తీయగానే మళ్ళీ ఎవరిది వాళ్ళది. చేబదులు లాంటిది.

రిలే బిగించడం నేనే చేస్తానన్నాను. అమెరికాలో తెలుగువాడు స్క్రూడ్రైవరు పట్టాడంటే మెకానిక్ చెప్పిన కూలి విన్నాడని అర్థం. నాకు తెలిసిన కరెంటు మా ఊరి కరెంటు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అమెరికా ఇళ్ళలోని 120 వోల్టుల వైరింగులో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. ఇక్కడా అక్కడా కార్లకైతే ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు. మరి మోటార్ హోమ్ ఇల్లా, కారా? ముందు సగంలో కార్లవాళ్ళ రంగులు, వెనక సగంలో ఇళ్ళవాళ్ళ రంగులు. మెట్టు కింది పెట్టెలోకి వచ్చిన రెండు లావు వైర్లలో ఒకటి నలుపు, ఒకటి తెలుపు. నలుపంటే మైనస్సే కదా అని ధీమాగా తగిలించాను. చిట్లిన నిప్పు, కాలిన వాసన, ఎక్కడో లోపల రెండు ఫ్యూజులు పోయాయి. ఇంటి సగంలో నలుపే ప్లస్సు.

ఆ రెండు ఫ్యూజులూ కన్వర్టరు పెట్టెలో ఉంటాయి. క్యాంపు స్థలంలో 30 ఆంపియర్ల ప్లగ్గు పెట్టినప్పుడు వచ్చే 120 వోల్టుల్ని 12 చేసి ఇంటి బ్యాటరీకి పోసేది కన్వర్టరు. ప్లస్సు మైనస్సు తారుమారైతే ముందు తాము కాలి దాన్ని కాపాడటానికే ఆ ఫ్యూజులు పెట్టారు. అంటే నాలాంటివాడు ఒకడు వస్తాడని తయారుచేసినవాళ్ళకు ముందే తెలుసు. కాస్త సిగ్గుగానూ, కాస్త ఊరటగానూ అనిపించింది.

ఇంకో చిక్కు వైరు మందం. మనకు రెండున్నర ఎంఎం కన్నా నాలుగు ఎంఎం లావు. ఇక్కడ గేజి లెక్క, అంకె పెరిగితే వైరు సన్నం. 14 సన్నది, 4 లావుది. క్లాసులో ర్యాంకుల్లాగని మా అమ్మాయి చెబితే అప్పుడు గుర్తుండిపోయింది.

మందం అంత ముఖ్యమా అంటే, 12 వోల్టుల ప్రపంచంలో అదే సర్వస్వం. 600 వాట్ల పనికి 120 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు చాలు. 12 దగ్గర 50 కావాలి. ఒత్తిడి తక్కువైనప్పుడు కాలువ వెడల్పవ్వాలి. మా బండిలో డైనమో ముందు చివర, ఇంటి బ్యాటరీ ఇరవై అడుగుల వెనక. ఇంజిను నడుస్తుండగా కొలిచి చూస్తే ముందు 14.2, వెనక 13.3. దారిలో 0.9 వోల్టు ఇంకిపోయింది. మాది కృష్ణా కాలువ చివరి ఆయకట్టు. తలకట్టున నిండుగా పారే నీళ్ళు మా తూములోకొచ్చేసరికి తడి మాత్రమే మిగలడం చూస్తూ పెరిగాను. ఆ రోజుల్లో మావాళ్ళు నీళ్ళు వదిలే లస్కరును తిట్టేవాళ్ళు. ఇక్కడ తిట్టడానికి లస్కరు లేడు. ఉన్నది 8 గేజి వైరు. 13.3 దగ్గర బ్యాటరీ చార్జవుతున్నట్టే ఉంటుంది, ఎన్ని గంటలు నడిపినా కడుపు నిండదు. అలా అరకడుపుతో నెలలు గడిస్తే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి పేరుకుపోతుంది, ఇక ఎంత పోసినా పట్టదు. 4 గేజి వైరు వేశాను.

అయినా లెక్క పూర్తిగా సరిపోలేదు. దొంగ ఇంకొకడున్నాడు, ఎర్త్. రబ్బరు చక్రాల మీద నిలబడ్డ బండికి ఎర్త్ ఏమిటని అడక్కండి. నేల తగలదు, అయినా ఎర్త్ అనే అంటాం. ఛాసిస్ ఇనుమే నేలగా నటిస్తుంది. ప్లస్సుకు వైరు ఉంటుంది, తిరుగు దారి ఆ ఇనుమే. ఎక్కడో నేల వదిలి వచ్చి, కాళ్ళ కింద ఉన్నదాన్నే నేల అనుకుని బతికేవాళ్ళకు ఇది కొత్త కాదు గనక నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. బ్యాటరీ మైనస్సు ఇనుముకు కలిసే బోల్టు దగ్గర తుప్పు పట్టింది. ఉప్పు కాగితంతో మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు పెట్టి బిగిస్తే వెనక 13.9 వచ్చింది. మొత్తం మరమ్మతులో అతి చవకైంది, అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది ఆ ఉప్పు కాగితమే.

ఫ్యూజు సంగతి ఒకటి చెప్పి తీరాలి, ఎందుకంటే ఇది తెలియక బండ్లు తగలబడతాయి. ఫ్యూజు ఉన్నది లైటు కోసమో ఫ్యాను కోసమో కాదు, వైరు కోసం. వైరు ఎక్కడైనా గీసుకుపోయి ఇనుముకు తగిలితే బ్యాటరీ తన వందల ఆంపియర్లనూ అందులోకి కుమ్మరిస్తుంది, వైరు కొలిమిలో కడ్డీలా ఎర్రబడుతుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీకి ఆనుకుని ఉండాలి. మామూలు వైరుకు ఒక చివర బ్యాటరీ, రెండో చివర లైటు. ఒక ఫ్యూజు చాలు. కానీ రెండు బ్యాటరీలను కలిపే ఆ లావు వైరుకు రెండు చివర్లా బ్యాటరీలే. అత్తారిల్లు లేని పిల్ల, ఎటు చూసినా పుట్టిల్లే. మధ్యలో తెగి ఇనుముకు తగిలితే రెండు వైపుల నుంచీ వరద వస్తుంది. రెండు చివర్లా రెండు ఫ్యూజులుండాలి. పాత యజమాని ఒకటే పెట్టాడు, అదీ ముందు వైపు. వెనక వైపు వైరు ఛాసిస్ అంచుకు రాసుకుని రాసుకుని, లోపలి రాగి బయటికి తొంగిచూస్తోంది. అది చూసిన రోజు మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ రాత్రి దేవుడి గూట్లో దీపం ఇంకాస్త ఎక్కువసేపు వెలిగింది.

తర్వాత పాత బ్యాటరీ తీసేసి గోల్ఫు బండ్లలో వాడే 6 వోల్టులవి రెండు తెచ్చాను. ఒకదాని ప్లస్సును రెండోదాని మైనస్సుకు కలిపితే 12 వోల్టులు, సుమారు 220 ఆంపియర్-అవర్లు. నెలకోసారి మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. హైదరాబాదులో మా అన్నయ్య వాళ్ళింట్లో ఇన్వర్టరుకు పోసినట్టే. ఆ పనిలో మాత్రం నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఓ నెల ఊరెళ్ళి వచ్చేసరికి, మెయిన్ స్విచ్చి ఆపి వెళ్ళినా బ్యాటరీ దిగి ఉంది. కారణం గ్యాసు లీకైతే అరిచే చిన్న పెట్టె. దాని వైరును స్విచ్చికి ముందే కలుపుతారు, మనం ఆపినా అది నిద్రపోకూడదని. రోజుకు రెండు ఆంపియర్-అవర్లు ఎవరికీ చెప్పకుండా తింటుంది. కాపలావాడి జీతం. కోపం వచ్చింది, తర్వాత పోయింది.

ఇదంతా అయ్యేసరికి రంగుల మీద నాకు నమ్మకం పూర్తిగా పోయింది. మా ఆవిడ వడియాల డబ్బాలకు అంటించే తెల్ల టేపు తెచ్చి, ఒక్కో వైరుకూ చుట్టి పేర్లు రాద్దామంది. ఆవిడ చేతిరాత బాగుంటుంది గనక ఆవిడే రాసింది. 'బండి'. 'ఇల్లు'. 'డైనమో నుంచి'. 'నీళ్ళ మోటారు'. 'ఇది ప్లస్సు, నలుపైనా సరే'. చివరికి ఒక నీలం వైరు మిగిలింది. పెట్టె వెనక నుంచి వచ్చి నేల కిందికి దూరిపోతుంది. ఎక్కడ తేలుతుందో మూడు ఆదివారాలు వెతికినా దొరకలేదు. విప్పి చూస్తే మెట్టు ముడుచుకోవడం మానేసింది. ఇంకోసారి విప్పితే శుభ్రంగా ముడుచుకుంది. "ఏం రాయమంటారు?" అంది. నాకు తోచింది చెప్పాను, రాసేసింది.

అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక, మొన్న వేసవిలో బండి అమ్మేశాం. కొనడానికి వచ్చినాయన రిటైరైన లారీ డ్రైవరు. మంచం చూపిస్తానంటే తర్వాత అన్నాడు. నేరుగా మెట్టు దగ్గర కూచుని పెట్టె మూత తీశాడు. తెల్ల టేపుల మీద గుండ్రటి అక్షరాలు చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కో వైరూ పట్టుకుని ఇదేమిటి, ఇదేమిటి అని అడుగుతుంటే, మా ఆవిడ పక్కన చతికిలబడి తెలుగు పక్కనే ఇంగ్లీషులో రాస్తూ వచ్చింది. నీలం వైరు దగ్గర ఆగి, నా వైపు చూసింది.

"దీని మీదేం రాశారు?" అని ఆయన అడిగాడు.

"ఇది ఎటు పోతుందో దేవుడికే తెలుసు, ముట్టుకోవద్దు" అని చెప్పాను.

ఆయన తలూపి, తన బండ్లన్నిటిలోనూ అలాంటిది ఒకటి ఉండేదన్నాడు. ఆ టేపు అలాగే ఉంచమని చెప్పి, మంచం చూడటానికి లేచాడు.